ఎండలు ముదరకముందే: పాత కారు ట్యాంకు ఫ్లోటు మార్చేటప్పుడు జాగ్రత్తలు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అంబాసిడరో పద్మినో, పెట్రోలు ముల్లు కదలని బండి ఉంటే, ట్యాంకులో పెట్రోలు ఎంతుందో ముల్లుకు తెలిపే ఫ్లోటు మార్చే పని ఇప్పుడే చేసుకోండి. తప్పనిసరై ఎండకాలంలో చేయాల్సి వస్తే తెల్లవారగానే, ఆరుబయట చేయండి.

ముందు తప్పు ఫ్లోటుదేనా అన్నది తేల్చుకోవాలి. ట్యాంకు మూత బిగించే ఉంచి, ఇగ్నిషన్ ఆపి, ఫ్లోటు వైరు తీసి బాడీకి క్లిప్పు పెట్టండి. ఒక్క క్షణం ఇగ్నిషన్ వేస్తే ముల్లు కదిలిందా, మీటరు, వైరు బాగున్నట్టే. తుప్పు పట్టి ట్యాంకుకు ఎర్తు అందకపోయినా ముల్లు ఇలాగే మొరాయిస్తుంది కాబట్టి కొత్తది కొనేముందు అదీ చూడండి. ఫ్లోటుకు బ్యాటరీ కరెంటు నేరుగా ఇవ్వొద్దు, లోపలి తీగ కాలిపోతుంది.

ఇక అసలు భయం ఆవిరితోనే. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. నేల మీద పాకి పల్లంలో నిలుస్తుంది. అందుకే షెడ్డులో గుంట మీద బండి పెట్టి ఈ పని చేయనే వద్దు. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు ఆవిరి ఉన్నా అంటుకుంటుంది. నిండు ట్యాంకు కన్నా ఖాళీ చేసిన ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే అందులో ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి. బీడీ సరే, పక్కన కూలర్ స్విచ్చు వేసినా నిప్పురవ్వ పుడుతుంది. కొత్త సామాను వేశామని వెంటనే హారతి వెలిగించకండి, వాసన పూర్తిగా పోనివ్వండి.

బ్యాటరీకి బాడీ ఎర్తు వైరు ముందు తీయాలి. పెట్రోలు చేతి పంపుతో ఇనుప డబ్బాలోకి తోడండి, నోటితో పీల్చొద్దు. నైలాన్ బట్టలు వద్దు. మంటలార్పే పొడి పౌడరు సిలిండరు చేతికందే దూరంలో ఉంచండి, నీళ్లు పోస్తే మంట పరుచుకుంటుంది. ఫ్లోటు చుట్టూ మట్టి తుడిచాకే మరలు విప్పాలి. మరల బదులు తిప్పి బిగించే లాకు రింగు అయితే ఇత్తడి కడ్డీతో తట్టండి, ఇనుప ఉలి వాడొద్దు.

కొత్త ఫ్లోటుకు మల్టీమీటరు పెట్టి, దాని కడ్డీని మెల్లగా పైకి కిందికి ఆడిస్తే రీడింగు ఎక్కడా తెగకుండా మారాలి. ఖాళీ, నిండు రీడింగులు పాతదానితో కలవకపోతే ముల్లు తప్పు చూపిస్తుంది. ఆ కడ్డీని ట్యాంకులోకి బలవంతంగా దూర్చొద్దు, వంగుతుంది. ఫ్లోటు కింద వాషరు ఎప్పుడూ కొత్తదే వేయాలి. దాని బదులు మామూలు సిలికాన్ పేస్టు పూస్తే పెట్రోలుకు ఉబ్బి ఊడుతుంది. మరలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి, అతిగా బిగిస్తే రేకు వంగి కారుతుంది.

మొదట ఐదు లీటర్లు పోసి చూడండి, కారకపోతే మరికొంత పోసి రాత్రంతా ఉంచి తెల్లారి మళ్లీ చూడండి. మూత దాకా మాత్రం నింపొద్దు: 40 లీటర్ల పెట్రోలు 15 డిగ్రీలు వేడెక్కితే అర లీటరు దాకా పెరుగుతుంది.