పోలరాయిడ్ చాటున దాగిన నక్షత్రం: నా అనుభవం

కావలిలో మా మేడగదిలో, బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన మట్టిని గాజుపలక మీద పుల్లతో పలుచగా పూసి, మైక్రోస్కోపులో రెండు పోలరాయిడ్‌లనూ (ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే పోనిచ్చే పలకలను) ఒకదానికొకటి అడ్డంగా ఉంచి రెండు రాత్రులు వెతికినా డిస్కోయాస్టర్ (సుమారు 19.3 లక్షల ఏళ్ల క్రితం పూర్తిగా అంతరించిన, నక్షత్రం ఆకారపు సూక్ష్మ సముద్ర శిలాజం) ఒక్కటీ కనిపించకపోవడంతో, ఆ మట్టి వయసు 19 లక్షల ఏళ్లలోపేనని డబ్బా మీద రాసేశాను. పొరపాటు నాదే. కొకోలిత్‌లు (సూక్ష్మ సముద్రపు నాచుల సున్నపు పలకలు) ఆ వెలుగులో నల్లని శిలువ గుర్తుతో మెరుస్తాయి గానీ, బల్లపరుపుగా పడి ఉన్న డిస్కోయాస్టర్, దాని కాల్సైట్ (సున్నపు స్ఫటికం) అక్షం నిలువుగా ఉండడం వల్ల, చీకటిలో కలిసిపోతుంది. పై పోలరాయిడ్‌ను తప్పించగానే, కొనలు చీలని ఆరు కిరణాల డిస్కోయాస్టర్ బ్రౌవెరి (చివరిదాకా మిగిలిన డిస్కోయాస్టర్ జాతి) తేటగా కనిపించింది. ఒక్కటే అయితే పాత పొరల నుంచి కొట్టుకొచ్చిందనుకోవచ్చు. చెక్కుచెదరనివి ఇరవై దాకా లెక్కకు వచ్చాయి. సుమారు 23.9 లక్షల ఏళ్ల క్రితం అంతరించిన ఐదు కిరణాల మరో జాతి డిస్కోయాస్టర్ పెంటారేడియాటస్ మాత్రం ఎంత గాలించినా దొరకలేదు కనుక, డబ్బా మీది రాత కొట్టేసి, 19.3 నుంచి 23.9 లక్షల ఏళ్ల మధ్యదని, అంటే ఇలాంటి సూక్ష్మ శిలాజాలను బట్టి విభజించిన కాలఖండాల్లో ఎన్‌ఎన్ 18 మండలమని, సవరించుకున్నాను.