పెట్రోలు కారు మిస్ కొడుతోందా? సామాను మార్చే ముందు సిలిండర్‌ని పట్టుకోండి

ఇంజన్ మిస్ కొడుతోందని తీసుకెళ్తే చాలా షెడ్లలో ముందు ప్లగ్గులన్నీ మార్చేస్తారు. తగ్గకపోతే కాయిళ్లు (ప్లగ్గుకి నిప్పు రవ్వ కోసం ఎక్కువ వోల్టేజీ ఇచ్చేవి), అప్పటికీ తగ్గకపోతే పెట్రోలు పంపు. చివరికి ఎక్కడో ఒకచోట తగులుతుంది, బిల్లు మాత్రం మూడింటికీ పడుతుంది. అసలు పట్టుకోవాల్సినవి రెండే: ఏ సిలిండర్ పనిచేయడం లేదు, దానికి అందనిది నిప్పా, పెట్రోలా, గాలా, కంప్రెషనా (లోపలి గాలిని పిస్టన్ నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి). ఇవి తేలేదాకా కొత్త సామాను కొనకండి. ఇక్కడ చెప్పేదంతా ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ ఉండే నాలుగు సిలిండర్ల ఎంపీఎఫ్ఐ పెట్రోలు ఇంజన్ గురించి, అంటే ప్రతి సిలిండర్‌కీ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ విడిగా ఉండేది. మూడు సిలిండర్ల బండికీ ఇదే వరస. కాకపోతే అది బాగున్నప్పుడు కూడా స్లో రన్నింగ్‌లో కాస్త వణుకుతుంది, దాన్ని మిస్సింగ్ అనుకోవద్దు.

మిస్ కొట్టడం వేరు, లాగకపోవడం వేరు

సిలిండర్ మిస్సయితే వణుకు ఒక లయలో వస్తుంది. సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే గాలి సమంగా రాకుండా మధ్యమధ్యలో తెగుతూ తగులుతుంది. రేస్ ఇచ్చినప్పుడు వణుకు లేకుండా అర సెకను ఆగి, ఆ తర్వాత అందుకుంటోందంటే అది సంకోచం. అక్కడ సాధారణంగా సిలిండర్లన్నీ బాగానే ఉంటాయి. తప్పు గాలి కొలతలోనో పెట్రోలు సరఫరాలోనో ఉంటుంది. మొదటి రకాన్ని సిలిండర్ వైపు నుంచి వెతకాలి, రెండో రకాన్ని సెన్సర్లు, గాలి గొట్టాలు, పంపు వైపు నుంచి.

ఎప్పుడు వస్తోందో రాసుకోండి. పొద్దున చల్లటి ఇంజన్‌తోనా, వేడెక్కాకా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడా, ఏసీ వేసినప్పుడా, వాన పడ్డాకా, బంకులో ట్యాంకు నింపిన వెంటనేనా? కాయిల్ బలహీనపడితే ఎక్కువ గేరులో తక్కువ ఆర్‌పీఎమ్ మీద యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినప్పుడు బయటపడుతుంది. సిలిండర్లో ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు గ్యాప్ దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, ఆ కాయిల్ అంత ఇవ్వలేదు. స్లో రన్నింగ్‌లో వణికి రేస్ ఇస్తే సర్దుకుంటే గాలి లీకు మీద అనుమానం పెట్టుకోవాలి.

ఒక హెచ్చరిక. చెక్ ఇంజన్ లైటు వెలిగి ఉండటం ఒక ఎత్తు, అది టపటపా కొట్టుకోవడం ఇంకో ఎత్తు. కొట్టుకుంటోందంటే కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి వెళ్లి అక్కడ పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేసే స్థాయిలో మిస్సవుతోందని అర్థం. యాక్సిలరేటర్ వదిలి, పక్కకు తీసి ఆపండి. కన్వర్టర్ ఖరీదుతో పోలిస్తే టోయింగ్ చార్జీ ఎంతో తక్కువ.

స్కానర్ పెట్టి చూడటం

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఓబీడీ (ఇంజన్ తన తప్పుల్ని తానే పట్టుకుని కోడ్‌లుగా దాచుకునే ఏర్పాటు) రెండో దశ తప్పనిసరి అయింది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. చవకైన బ్లూటూత్ అడాప్టర్, ఫోన్లో ఒక యాప్ ఉంటే చాలు.

కోడ్ చదివిన వెంటనే చెరిపేయకండి, బ్యాటరీ టెర్మినల్ కూడా తీయకండి. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటుంది. తప్పు పట్టుబడిన క్షణంలో ఆర్‌పీఎమ్ ఎంత, ఇంజన్ వేడి ఎంత, లోడ్ ఎంత అన్నది అందులో దాచి ఉంచుతుంది. ముందు దాన్ని ఫోటో తీసుకోండి.

పీ0301 నుంచి పీ0304 వరకు వచ్చే కోడ్‌లలో చివరి అంకె సిలిండర్ నంబరు. ఒకటో సిలిండర్ ఎక్కువ ఇంజన్లలో చైను లేదా బెల్టు ఉన్న వైపున, అంటే గేర్‌బాక్స్‌కి అవతలి చివర ఉంటుంది. కొన్ని ఫ్రెంచ్ ఇంజన్లలో లెక్క గేర్‌బాక్స్ వైపు నుంచి మొదలవుతుంది, మాన్యువల్‌లో చూసుకోండి. పీ0300 వస్తే మిస్ ఒకచోట నిలకడగా లేదు, సిలిండర్లు మారుతోంది. అప్పుడు అన్ని సిలిండర్లకీ సంబంధించినవి చూడాలి: పెట్రోలు ప్రెషర్, గాలి లీకు, కల్తీ పెట్రోలు. దానితో పాటు పీ0171 కూడా ఉంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని దాదాపు తేలినట్టే. పీ0351 నుంచి పీ0354 కోడ్‌లు ఆయా కాయిల్ సర్క్యూట్‌వి. ఇవి కనిపిస్తే కాయిల్ కంటే ముందు దాని కప్లర్ (వైర్లు వచ్చి తగిలే ప్లాస్టిక్ సాకెట్), వైరు చూడండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో నిలిపిన బళ్లకు ఎలుకలు వైర్లు కొరకడం మామూలే.

పాత ఇంజన్లలో రెండు సిలిండర్లకు ఒకే కాయిల్ ఉంటుంది, 1కి 4, 2కి 3 జోడీ. జోడీ రెండూ కలిసి మిస్సయితే ప్లగ్గుల కంటే కాయిల్ మీదే అనుమానం పెట్టుకోవాలి.

కోడ్ లేకుండా వణుకు మాత్రమే ఉంటే ఇంజన్ స్లో రన్నింగ్‌లో ఉండగా ఒక్కో ఇంజెక్టర్ కప్లర్ తీసి చూడండి. బాగున్న సిలిండర్ది తీస్తే ఆర్‌పీఎమ్ పడుతుంది, వణుకు పెరుగుతుంది. ఏది తీసినా తేడా రాలేదో ఆ సిలిండరే దొంగ. ఒక్కొక్కటి కొద్ది సెకన్లు మాత్రమే తీయండి. నడుస్తున్న ఇంజన్ మీద కాయిల్‌ని మాత్రం పైకి లాగొద్దు. వేల వోల్టుల షాకు ఒకటి, పెట్రోలు కాలకుండా కన్వర్టర్‌లోకి పోవడం ఇంకొకటి. ఇంజెక్టర్ కప్లర్ తీస్తే పెట్రోలే ఆగిపోతుంది కాబట్టి ఆ బెడద ఉండదు.

మార్చి చూడటం

పీ0302 వచ్చిందనుకుందాం. ఇంజన్ పూర్తిగా చల్లారాక రెండో కాయిల్‌ని మూడో సిలిండర్‌కి, మూడోదాన్ని రెండుకి పెట్టండి. కోడ్ చెరిపి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉన్న పరిస్థితిలోనే నడపండి. పీ0303 వస్తే కాయిల్ పోయింది, అదొక్కటే కొనండి. పీ0302యే వస్తే రెండో ప్లగ్గుని నాలుగులో పెట్టి మళ్లీ నడపండి. పీ0304 వస్తే ప్లగ్గు. అప్పటికీ రెండులోనే ఉంటే ఇంజెక్టరో కంప్రెషనో. ఒకేసారి రెండు వస్తువులు మార్చొద్దు, ఏది కదిలిందో తెలియకుండా పోతుంది.

ప్లగ్గు తీసేముందు అది కూర్చున్న గుంతలోకి గాలి కొట్టండి, లేకపోతే ఇసుక సిలిండర్లోకి జారుతుంది. గుంతలో ఆయిల్ నిలిచి ఉంటే టాపెట్ కవర్ ప్యాకింగ్ లీకవుతోంది. దాన్ని మార్చకుండా కొత్త కాయిల్ పెడితే దాని కింది రబ్బరు తొడుగు కూడా నానిపోతుంది. నీళ్లుంటే వాటర్ సర్వీసింగ్‌లో ఇంజన్ మీద నేరుగా ప్రెషర్ కొట్టి ఉంటారు. ఆరబెట్టి, కాయిల్ రబ్బరు లోపల సిలికాన్ గ్రీజు పల్చగా రాసి బిగించండి.

తీసిన ప్లగ్గుని వెలుతురులో తిప్పి చూడండి. మొన లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి నల్ల మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. నల్లగా జిడ్డుగా ఉంటే లోపలికి ఆయిల్ వస్తోంది. తెల్లగా పాలిపోయి పొక్కుల్లా ఉంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువ లేదా ప్లగ్గు మరీ వేడెక్కుతోంది. వీటికంటే ముఖ్యమైంది, ఎక్కువమంది చూడనిది ప్లగ్గు పై సగంలోని తెల్ల పింగాణీ భాగం. దాని మీద పై నుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత ఉందేమో చూడండి. గుడ్డతో తుడిస్తే అది పోదు. నిప్పు గ్యాప్‌లో దూకడం మానేసి పింగాణీ మీదుగా ఎర్త్‌కి పారిపోతున్న దారి అది. కాయిల్ రబ్బరు లోపల సరిగ్గా అదే చోట దానికి జత గీత ఉంటుంది. ప్లగ్గు ఒక్కటే మార్చి ఆ రబ్బరు వదిలేస్తే కొన్నాళ్లకు కొత్త ప్లగ్గు మీద కూడా గీత పడుతుంది. రెండూ కలిపి మార్చాలి.

గ్యాప్ ఎక్కువ బళ్లలో 0.8 నుంచి 1.1 మి.మీ. మధ్య ఉంటుంది. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసి ఫీలర్ గేజ్‌తో (సందుల్లో దూర్చి కొలిచే సన్నటి రేకులు) కొలవండి. ఇరిడియం ప్లగ్గు మొన చాలా సన్నం. దానిలో గేజ్ దూర్చి వంచబోతే విరుగుతుంది, అందుకని చూసి సరిపోల్చడమే మంచిది. బిగించేటప్పుడు మొదటి చుట్లన్నీ వేళ్లతోనే. గుంత లోతుగా ఉంటే ప్లగ్గు తలకి రబ్బరు గొట్టం ముక్క తొడిగి తిప్పండి, మర అడ్డంగా పడితే గొట్టమే జారిపోతుంది. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ పానా లేకపోతే, వాషరున్న కొత్త ప్లగ్గుని చేతితో బిగిసిన దగ్గర్నుంచి సుమారు అర చుట్టు తిప్పితే చాలు. అల్యూమినియం హెడ్‌లో మర పోతే ఆ ఖర్చు ప్లగ్గుల ఖర్చులా ఉండదు.

గాలి, పెట్రోలు

సంకోచం పట్టుకోవడానికి స్కానర్లో ఫ్యూయల్ ట్రిమ్ చూడటాన్ని మించిన పని లేదు. మిశ్రమం సరిచేయడానికి ఇంజన్ కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో (+), తగ్గిస్తోందో (-) అది చెబుతుంది. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండూ కూడితే 10 శాతానికి అటూఇటూ ఉంటే మామూలే. స్లో రన్నింగ్‌లో +20 ఉండి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి ఉంచితే +5కి దిగిందంటే గాలి ఎక్కడో దొంగదారిన లోపలికి వెళ్తోంది. ఎక్కువ గాలి తీసుకునేటప్పుడు ఆ చిన్న లీకు వాటా తగ్గుతుంది కాబట్టి అంకె దిగుతుంది. దీనికి తిరగబడి, స్లో రన్నింగ్‌లో బాగుండి లోడ్ మీద ట్రిమ్ పెరుగుతుంటే పంపు బలహీనపడింది, లేదా ఫిల్టరో ఇంజెక్టర్లో పూడుకున్నాయి.

లీకు వెతకడానికి కార్బ్ క్లీనర్ కొట్టడం షెడ్లలో అలవాటు. వేడి మానిఫోల్డ్ మీద అది అంటుకుంటుంది, వద్దు. సబ్బు నీళ్ల స్ప్రే చాలు. ఇంటేక్ మానిఫోల్డ్ ప్యాకింగ్, బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిర్లని ఇంటేక్‌లోకి పంపేది) వంపు దగ్గర కొట్టి, స్లో రన్నింగ్ మారుతుందేమో వినండి. కాయిళ్లు, కప్లర్ల మీద మాత్రం పడనివ్వకండి. గొట్టాలు పైకి బాగున్నట్టే ఉండి అడుగు వైపు చీలి ఉంటాయి, వంచి చూస్తేనే కనబడుతుంది.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు మీద నెపం వేయడం ఈమధ్య ఎక్కువైంది. లెక్క చూద్దాం. బరువులో ఒక పాలు శుద్ధ పెట్రోలు కాలడానికి కావాల్సిన గాలి పాళ్లు 14.7, ఈ10కి సుమారు 14.1, ఈ20కి 13.5 దగ్గర. అంటే ఈ10 నుంచి ఈ20కి మారితే ఇంజన్ నాలుగైదు శాతం పెట్రోలు ఎక్కువ ఇవ్వాలి. పాత బండిలో ట్రిమ్ ఆ మేరకు పెరగడం సహజం. +15, +20 ఉంటే మాత్రం ఈ20 ఒక్కదానితో అంత రాదు, అసలు తప్పు వేరే ఉంది. ఇథనాల్ నిజంగా ఇబ్బంది పెట్టేది నీళ్లు కలిసినప్పుడు. ఒక హద్దు దాటాక నీళ్లు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి, పంపు పీల్చేది అక్కడినుంచే. వానాకాలంలో ట్యాంకు నింపిన కొన్ని కిలోమీటర్లకే అన్ని సిలిండర్లూ మిస్సయితే గాజు సీసాలో కొంచెం పెట్రోలు పట్టి కదపకుండా ఉంచండి. రెండు పొరలు కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే, మీద ఇంకో పది లీటర్లు పోసినంత మాత్రాన సరికాదు. ఆ బంకు రసీదు దాచుకోండి.

పెట్రోలు ప్రెషర్ ఎంపీఎఫ్ఐ బళ్లలో ఎక్కువగా 3 నుంచి 4 బార్ మధ్య ఉంటుంది. నిలిపిన బండిలో సరిగ్గా చూపిస్తే సరిపోదు, గేజ్ పెట్టి ఎత్తు ఎక్కేటప్పుడు పడుతుందేమో చూడాలి. ఇంజెక్టర్ రెసిస్టెన్స్ సాధారణంగా 11 నుంచి 16 ఓమ్స్. నాలుగింటిలో ఒకటి తేడాగా ఉంటే అదే దోషి. నాలుగూ సమంగా ఉన్నాయంటే ఇంజెక్టర్ లోపలి తీగ చుట్లు బాగున్నాయని మాత్రమే, రంధ్రం పూడిందో లేదో మీటర్ చెప్పదు. దానికి బెంచ్ మీద స్ప్రే చూడాలి.

ట్యాంకు నింపిన వెంటనే స్టార్టు కష్టమై, ఒకటి రెండు నిమిషాలు వణికి సర్దుకుంటే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయింది. ట్యాంకు ఆవిర్లని దాచే క్యానిస్టర్ నుంచి వాటిని ఇంజన్‌లోకి వదిలేది ఇదే. చల్లటి ఇంజన్ స్లో రన్నింగ్‌లో ఉండగా దాని క్యానిస్టర్ వైపు గొట్టం తీసి వేలు పెట్టండి, లాగకూడదు. పొద్దున్నే మాత్రమే సంకోచిస్తే స్టార్టు చేయకముందు స్కానర్లో కూలెంట్ వేడి, లోపలికి వెళ్లే గాలి వేడి పోల్చండి. రాత్రంతా నిలిపిన బండిలో రెండూ దాదాపు సమానంగా ఉండాలి, లేకపోతే ఏదో ఒక సెన్సర్ తప్పు చూపిస్తోంది.

సీఎన్‌జీ బళ్లకు ఒక సులువు ఉంది. గ్యాస్ మీద మిస్సై పెట్రోలు మీద బాగుంటే ముందు ప్లగ్గులు, కాయిళ్లు చూడండి, సీఎన్‌జీకి ఎక్కువ వోల్టేజీ కావాలి. అవి బాగుంటే గ్యాస్ ఫిల్టరు, గ్యాస్ ఇంజెక్టర్లు.

కంప్రెషన్

ఇంతవరకు వచ్చినా అదే సిలిండర్ మిస్సవుతుంటే కంప్రెషన్ కొలవాలి. ఇంజన్ వేడి చేసి ఆపండి. ప్లగ్గులన్నీ తీసి, కాయిళ్ల, ఇంజెక్టర్ల కప్లర్లు తీసేయండి. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఉంచి ప్రతి సిలిండర్‌కీ ఐదారు తిప్పులు సెల్ఫ్ కొట్టండి. ఎక్కువ ఇంజన్లలో 150 నుంచి 200 పీఎస్ఐ చూపిస్తుంది. అంకె కంటే తేడా ముఖ్యం, ఒకటి మిగతావాటికంటే 15 శాతానికి మించి తక్కువ ఉండకూడదు. తక్కువ ఉన్నదాంట్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ ప్యాకింగ్. పక్కపక్కన రెండు సిలిండర్లు కలిసి తగ్గితే ఆ రెండింటి మధ్య ప్యాకింగ్ పోయి ఉంటుంది. గ్యాస్ మీద చాలాకాలం తిరిగిన క్యాబుల్లో వాల్వు సీటులోకి అరిగి, టాపెట్ గ్యాప్ (వాల్వుకి, దాన్ని నొక్కే భాగానికి మధ్య సందు) బిగుసుకుపోవడం తరచూ కనిపిస్తుంది. అక్కడ హెడ్ విప్పే ముందు గ్యాప్ కొలిపించండి.

రిపేరయ్యాక కోడ్ చెరిపి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో రాసుకున్న అదే వేడి, అదే ఆర్‌పీఎమ్, అదే లోడ్ మీద నడిపి ట్రిమ్ మళ్లీ చూడండి. చాలా రోజులు మిస్సింగ్‌తోనే తిరిగి ఉంటే డిప్ స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన కొడితే, మట్టం పెరిగి కనిపిస్తే, కాలని పెట్రోలు రింగుల పక్కనుంచి కిందికి జారింది. అప్పుడు సర్వీసు గడువు రాకపోయినా ఆయిల్, ఫిల్టరు మార్చేయాలి. కన్వర్టర్ సరిగ్గా పనిచేయడం లేదని చెప్పే పీ0420 వస్తే మాత్రం తొందరపడి కొత్తది కొనకండి. సైలెన్సర్ లీకులు చూసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఆ కోడ్ మళ్లీ వస్తుందో లేదో చూడండి.