‘పాలు’ పోస్తే టేబుల్‌లో ‘పా’ పడింది: తెలుగు రిక్వైర్‌మెంట్లతో ఎన్‌ఎల్‌పీ తిప్పలు

పాల కేంద్రానికి సాఫ్ట్‌వేర్ కావాలి. సెక్రటరీ, రైతులు చెప్పిందంతా తెలుగులో రాసుకుని, డేటాబేస్‌లో ఏ టేబుళ్లు ఉండాలో తేల్చమని ఎన్‌ఎల్‌పీ (మనుషుల భాషను విశ్లేషించే) ప్రోగ్రాంకి ఇచ్చారనుకుందాం. నామవాచకం టేబుల్ అవుతుంది, సకర్మక క్రియ టేబుళ్ల మధ్య సంబంధం అవుతుంది అని ఇంగ్లీషు వాక్యాల కోసం కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ చెన్ 1983లోనే సూత్రాలు రాశాడు. వాటినే తెలుగు మీద వాడితే ఇవీ తిప్పలు.

ఒక్క రైతుకు నాలుగు టేబుళ్లు వచ్చాయి

రైతు, రైతుకి, రైతుల, రైతులకు అన్నీ విడివిడిగా వచ్చాయంటే, పదాలను ఖాళీల దగ్గర మాత్రమే విడగొట్టారన్నమాట. మన విభక్తులు పదానికి అతుక్కునే ఉంటాయి కదా. వెంటనే అందరూ చేసేది, చివరి ‘లు’, ‘కి’ లాంటివి కత్తిరించే చిన్న స్క్రిప్ట్ రాయడం. రైతు దగ్గర అది బాగానే పనిచేస్తుంది. ‘పాలు’ దగ్గరికి వచ్చేసరికి ‘పా’ మిగులుతుంది. ‘ఇంటికి’లో ‘కి’ తీసేస్తే వచ్చే ‘ఇంటి’, ‘ఇల్లు’ ఒకటేనని దానికి తెలీదు. ‘నేతి డబ్బా’లో నెయ్యి అసలే కనపడదు.

పదాన్ని మూలరూపానికి తెచ్చే మార్ఫలాజికల్ ఎనలైజర్ వాడండి. అది దొరక్కపోతే పదాల జాబితా మీరే రాసుకోండి. పాల కేంద్రంలో తిరిగే మాటలు ఎన్నని? సెక్రటరీ పక్కన కూర్చుంటే ఒక పూట పని.

ఇంకా రెండు ‘రైతు’లు ఉన్నారు, చూడ్డానికి ఒకేలా!

యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే కోడ్‌గానూ దాచొచ్చు, రెండు ముక్కలుగానూ దాచొచ్చు. అన్నిటికంటే ముందు టెక్స్ట్‌ను ఎన్‌ఎఫ్‌సీ, అంటే ముక్కలను ఒకే కోడ్‌గా కలిపే రూపంలోకి మార్చండి. ‘సాఫ్ట్‌వేర్’లాంటి మాటల మధ్య కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. దాన్ని పోల్చేటప్పుడు మాత్రమే తీసేయండి, అసలు టెక్స్ట్‌లో ఉంచండి. మొత్తం పిచ్చి గీతలుగా ఉంటే అది అను లాంటి పాత ఫాంట్‌లో టైప్ చేసిందై ఉండొచ్చు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

సంబంధాలన్నిటి పేరూ ‘చేయు’

టెస్ట్ చేస్తారు, ఎంట్రీ చేస్తారు, బిల్లు చేస్తారు. ముందున్న నామవాచకాన్ని కూడా కలిపి తీసుకోండి.

ఎవరు చేశారో తెలీడం లేదు

“పొద్దున పోస్తారు, అప్పుడే ఫ్యాట్ చూస్తారు.” పోసేది రైతు, చూసేది టెస్టర్. మనకు అర్థమవుతుంది కాబట్టి కర్తను చెప్పం. ఈ పనికి వాడే భాషా మోడల్ (చాట్‌జీపీటీ లాంటిది) మాత్రం ఏ బెరుకూ లేకుండా రెండు చోట్లా రైతునే పెట్టేయగలదు. కర్త లేని వాక్యాలను నింపొద్దని చెప్పి, ప్రశ్నలుగా మార్చమనండి. వాటికి సెక్రటరీయే జవాబు చెప్పాలి.

రూల్ తలకిందులైంది

నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదం ఇదే. మిగతావి స్క్రీన్ మీదే దొరికిపోతాయి, ఇది బిల్లుల రోజున బయటపడుతుంది. “పాలు విరిగితే డబ్బులివ్వరు” అన్నది మూలరూపంలోకి మారగానే వట్టి ‘ఇవ్వు’ అయింది. మనకు వ్యతిరేకార్థం క్రియలోనే కలిసి ఉంటుంది, ‘ఇస్తారు’, ‘ఇవ్వరు’ రెండిటికీ మూలం ఒకటే. మూలరూపానికి తెచ్చే ముందే ‘కాదు’ అన్న గుర్తును వేరే కాలమ్‌లో దాచుకోండి. ఒకేలాంటి వాక్యాలను తీసేసే టూల్ ఉంటే, ఈ గుర్తు తేడాగా ఉన్న జంటలను దాని చేతికి ఇవ్వకండి.

ఎవరూ అడగని ఓటీపీ లాగిన్ వచ్చింది

అది మోడల్ సొంత పైత్యం. నోట్స్‌లో ప్రతి వాక్యానికీ నంబర్ వేసి, ప్రతి రిక్వైర్‌మెంట్ పక్కనా ఆ నంబర్ రాయించండి. నంబర్ లేనిది కొట్టేయండి. నంబర్ ఉన్నా ఒకసారి వెనక్కి వెళ్లి ఆ వాక్యం చదవండి, ఆ నంబర్ కూడా మోడల్ అల్లి పెట్టిందే కావచ్చు.