పాత లాస్ వేగస్ ఫొటో ఏ కాలందో తేల్చడం ఎలా

ముందు అది ఏ వీధో తేల్చుకోండి. 1905లో ఊరితో పాటే పుట్టింది ఫ్రీమాంట్ స్ట్రీట్. అక్కడ క్యాసినోలు కాలిబాటను ఆనుకుని, గోడకు గోడ తగులుతూ ఉంటాయి. పెద్ద క్యాసినో హోటళ్లున్న రోడ్డు స్ట్రిప్ అలా కాదు. 1941లో ఎల్ రాంచో వేగస్ అనే హోటల్‌తో ఊరి బయట హైవే 91 మీద మొదలైంది. పాత ఫొటోల్లో రోడ్డుకీ హోటల్‌కీ మధ్య బోలెడు ఖాళీ స్థలం, పార్కింగ్ కనిపిస్తాయి.

తర్వాత కాగితం మీద రెండు గళ్లు గీయండి: ‘ఇంతకు ముందుది కాదు’, ‘ఇంత తర్వాతది కాదు’. కనిపించే ప్రతి కట్టడం కట్టిన ఏడు మొదటి గడిలో, కూల్చిన ఏడు రెండో గడిలో రాయండి. మొదటి దాంట్లో అన్నిటికన్నా చివరిది, రెండో దాంట్లో అన్నిటికన్నా ముందుది తీసుకోండి. ఫొటో ఆ మధ్యదే.

ఫ్రీమాంట్‌లో మొదట చూడాల్సింది వీధి పడమటి చివర. అక్కడ రైల్వే స్టేషన్ ఉంటే 1971కి ముందుది. ఆ ఏడాది దాని స్థలంలో యూనియన్ ప్లాజా హోటల్ తెరిచారు. పయొనీర్ క్లబ్ మీది నియాన్ కౌబాయ్ వేగస్ విక్ 1951లో వచ్చాడు, ఇప్పటికీ ఉన్నాడు. కాబట్టి అతను మొదటి గడికే పనికొస్తాడు. మింట్ క్యాసినో 1957లో, ఫోర్ క్వీన్స్ క్యాసినో 1966లో తెరిచారు. గోల్డెన్ నగ్గెట్ క్యాసినో ముఖం నిండా నియాన్ ఉంటే 1980లలో తెల్లగా మార్చకముందుది. క్యాసినోల మధ్య కార్లు తిరుగుతుంటే 1994 దాటదు. ఆ ఏడాది కార్లు ఆపేసి, 1995 డిసెంబరులో 90 అడుగుల ఎత్తున లైట్ల పైకప్పు తెరిచారు.

స్ట్రిప్ మీద కూల్చివేతలే మంచి ఆధారం. డ్యూన్స్ హోటల్ సైన్ బోర్డు 1993 అక్టోబరులో నేలకూలింది, 1998లో అక్కడే బెలాజియో హోటల్ వచ్చింది. శాండ్స్ హోటల్ 1996లో పోయింది, దాని చోట వెనీషియన్ 1999లో తెరిచారు. ఉదాహరణకు, మిరాజ్ హోటల్, డ్యూన్స్ సైన్ రెండూ ఒకే ఫొటోలో ఉన్నాయనుకోండి. మిరాజ్ తెరిచింది 1989 నవంబరులో. అంటే తేడా నాలుగేళ్లకు దిగింది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది కార్ల దగ్గర. పదేళ్ల పాత కారు కూడా రోడ్డెక్కుతుంది, కాబట్టి కారు మోడల్ మొదటి గడికి మాత్రమే. పేర్లూ మోసం చేస్తాయి: 1946 నాటి ఫ్లమింగో హోటల్ పేరు మిగిలింది, ఆ పాత భవనాలు లేవు. ఒక కట్టడం కనిపించలేదని అది అప్పటికి లేదనుకోకండి, ఫ్రేముకి అవతల ఉండొచ్చు. పోస్ట్‌కార్డు వెనక తపాలా ముద్ర పంపిన తేదీ చెబుతుందే తప్ప ఫొటో తీసిన తేదీ కాదు. పాత బొమ్మల్నే ఏళ్ల తరబడి అమ్మేవారు. స్లైడు (ఫొటో ఫిల్ము) కుడి ఎడమలు తిరగబడి అచ్చయిందన్న అనుమానం ఉంటే, అక్షరాలు మసకగా ఉన్నా సరే, వేగస్ విక్‌ని చూడండి: స్టేషన్ వైపు చూస్తున్న ఫొటోలో అతను ఎడమ పక్కనే ఉండాలి.

ఇంకా దగ్గరగా కావాలంటే హోటల్ ముందున్న బోర్డుని పెద్దది చేయండి. ఆ వారం పాడే కళాకారుల పేర్లు దాని మీద ఉంటాయి. వాటిని అప్పటి స్థానిక పత్రికల ప్రకటనలతో పోల్చితే నెల, ఒక్కోసారి వారం కూడా దొరుకుతుంది.