చౌక లిథియం బ్యాటరీని పరీక్షించడం, తేడా వస్తే ఫిర్యాదు చేయడం

ఇన్వర్టర్ కోసం 12.8 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని చౌకగా తెప్పించుకున్నప్పుడు, పెట్టె విప్పడం మొదలు సీరియల్ నంబరు కనిపించేవరకు ఆపకుండా వీడియో తీసి ఉంచండి. డొక్క ఉబ్బి ఉంటే చార్జింగ్‌కు పెట్టకండి.

లెక్క ప్రకారం ఇందులో 1280 వాట్-అవర్ల శక్తి ఉండాలి. పూర్తిగా చార్జి చేసి, గంట ఆగి, వాట్‌మీటరు గుండా సుమారు 20 ఆంపియర్ల డీసీ లోడు (బ్యాటరీ కరెంటును నేరుగా వాడుకునే పరికరం) తగిలిస్తే, మంచి బ్యాటరీ దాదాపు 5 గంటలు నిలుస్తుంది. ఇన్వర్టర్ ద్వారా కొలిస్తే దాని నష్టం కూడా బ్యాటరీ లోపంలా కనిపిస్తుంది, కాబట్టి ఆ అంకెలతో విక్రేతను నిలదీయడం న్యాయం కాదు.

అంతకుముందే ఆగిపోయినా, బ్యాటరీలో లోపం ఉందని వెంటనే నిర్ణయానికి రాకండి. లోపల వరుసగా కలిపిన నాలుగు సెల్స్‌లో ఒక్కటి 2.5 వోల్టులకు పడిపోయినా, మిగిలినవాటిలో శక్తి ఉండగానే రక్షణ సర్క్యూట్ మొత్తాన్ని ఆపేస్తుంది. 14.4 వోల్టుల వద్ద నెమ్మదిగా, ఎక్కువసేపు చార్జి చేస్తే సెల్స్‌లోని చార్జి సమం కావచ్చు. ఆ తరువాత మళ్లీ కొలవండి.

అప్పటికీ తగ్గితే మీటరు ఫొటోలు, బిల్లు జతచేసి ఈమెయిలులోనే ఫిర్యాదు చేయండి, ఎందుకంటే ఫోనులో ఇచ్చిన హామీకి ఆధారం మిగలదు. ఆన్‌లైన్ కొనుగోలైతే ఆ సంస్థ గ్రీవెన్స్ అధికారి (ఫిర్యాదులు చూసే అధికారి) ఫిర్యాదు 48 గంటల్లో అందినట్టు తెలిపి, నెలలోగా పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంటుంది.