కొత్త డైవింగ్ మాస్క్‌కి ఆవిరి పట్టకుండా ఏం చేశానంటే

బాలిలో తులాంబెన్ డైవ్‌కి ముందు చెన్నైలో స్విమ్మింగ్ పూల్‌లో ప్రాక్టీస్ చేస్తుంటే కొత్త మాస్క్ కాసేపటికే తెల్లగా కమ్మేసేది, ఉమ్మేసి రుద్దినా అంతే. తయారీలో అద్దం మీద సిలికాన్ జిడ్డు పొర మిగిలిపోతుంది, అది పోతేగానీ ఏ స్ప్రే కొట్టినా దండగ. "జెల్ వద్దు బావా, మామూలు తెల్ల టూత్‌పేస్ట్ తీసుకో" అన్నాడు నంగనల్లూరులో ఉండే మా బావమరిది. లోపలివైపు వేలితో బాగా రుద్ది కడిగాను, మళ్లీ రుద్దాను. నీళ్లు చుక్కలుగా నిలవకుండా పలుచటి పొరలా జారితే జిడ్డు పోయినట్టే. (కోటింగ్ ఉన్న అద్దమైతే పేస్ట్ జోలికి పోవద్దు, పాడవుతుంది.) డైవ్ రోజున బేబీ షాంపూ ఒక్క చుక్క రాసి నీళ్లతో కడిగాను, అంతే. తులాంబెన్‌లో పడవతో పనిలేదు, నల్లటి గుండ్రాళ్ల ఒడ్డు నుంచే నడిచి దిగొచ్చు, కొంచెం ఈదితే నీళ్ల అడుగున పగడపు దిబ్బ గోడలా నిలువునా లోతుకి పోతుంది. అక్కడ సీ ఫ్యాన్ల (విసనకర్రలా విచ్చుకునే పగడాలు) అల్లిక కూడా స్పష్టంగా కనిపించింది.