అనంతపురంలో చిన్న కచేరీకి వెళ్లేవారికి

సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా పాట రాసుకొని, బాణీ కట్టుకొని, ముప్పై నలభై మంది ముందు పాడే కుర్రాళ్లు అనంతపురంలోనూ ఉన్నారు గానీ, వారి కచేరీలకు గోడల మీద పోస్టర్లు పడవు, ఆటోలో మైకు తిరగదు. కాబట్టి మొదటి పని కబురు పట్టుకోవడం. కచేరీ జరిగే కేఫ్‌ల ఇన్‌స్టాగ్రామ్ పేజీల కంటే పాడేవారి పేజీలను అనుసరించడం మేలు, ఎందుకంటే కేఫ్ మారినా పాడేవారు మారరు. జేఎన్‌టీయూలోనో, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనో చదివే వారు ఒకరిద్దరు తెలిసి ఉంటే ఇంకా మంచిది. వీటన్నింటికన్నా నాకు ఎక్కువగా పనికివచ్చినది గిటారు తీగలు అమ్మే దుకాణం. ఒకే వారంలో ముగ్గురు వచ్చి తీగలు కొనుక్కుపోయారంటే శనివారం ఎక్కడో పాట ఉందని దుకాణదారుకు ముందే తెలిసిపోతుంది.

వేళ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఏడు గంటలకని ప్రకటించిన కచేరీ ఏడుంబావుకో, ఎనిమిదింటికో మొదలవుతుందని అందరికీ తెలుసు. కానీ అది ఆలస్యంగా మొదలైనంత మాత్రాన ఆలస్యంగా ముగియదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, అందువల్ల మిద్దె మీద జరిగే కచేరీ పది కొట్టకముందే ఆగిపోతుంది. సెకండ్ షోకు వెళ్లే అలవాటుతో నేను ఒకసారి ఇంట్లో తీరిగ్గా భోజనం చేసి తొమ్మిదింబావుకు వెళ్లాను. నాకు దక్కినవి రెండు పాటలు, ఒక వందన సమర్పణ. అప్పటి నుంచి ఆరున్నరకే ఏదో ఒక టిఫిన్ తిని బయలుదేరుతున్నాను.

ముందుగా వెళ్లడంలో ఇంకో లాభం సౌండ్ చెక్, అంటే కచేరీకి ముందు మైకులూ వాద్యాలూ సరిచూసుకోవడం, చూడగలగడం. ఎండన బండి మీద వచ్చిన గిటారు శ్రుతి నిలవదు: వేడికి ఉక్కు తీగలు సాగి బిగువు తగ్గడంతో స్వరం కిందికి జారుతుంది, ఏసీ గదిలోకి రాగానే అవే తీగలు చల్లబడి స్వరం పైకి లేస్తుంది. అందుకే అనుభవం ఉన్నవారు వాద్యాన్ని పెట్టెలోంచి తీసి, పావుగంట ఊరక పక్కన పెట్టి, ఆ తరువాతే మరలు తిప్పుతారు. ఆ పావుగంటలో వారిని పలకరించకుండా ఉండడమే మర్యాద.

ఇక ఎక్కడ నిలబడాలన్నది అన్నింటికన్నా ముఖ్యం, చాలామంది పొరపాటు చేసేదీ ఇక్కడే. మన వైపు గదులకు కింద తాడిపత్రి బండలు, చుట్టూ సున్నం కొట్టిన గోడలు. పరదా గానీ తివాచీ గానీ ఉండదు. అలాంటి గదిలో ధ్వని ఎక్కడా ఇంకదు, గోడకు కొట్టుకొని తిరిగి వచ్చి అసలు ధ్వనితో కలిసిపోతుంది, అప్పుడు డ్రమ్ముల మోత తప్ప పాటలో మాట వినబడదు. మూలలో మంద్ర స్వరాలు పోగుపడతాయి కాబట్టి అక్కడ నిలబడకూడదు. స్పీకరుకు ఎదురుగా అసలే వద్దు. మిక్సర్ పెట్టిన బల్ల పక్కన చోటు దొరికితే వదులుకోవద్దు, సౌండ్ చూసే మనిషి తన చెవికి సరిపడేలా సర్దుకునే చోటు అదే గదా. గది నిండేకొద్దీ మనుషుల ఒళ్లూ బట్టలూ కొంత ధ్వనిని పీల్చుకుంటాయి, అందుకే ఖాళీ గదిలో గోలగా వినిపించిన మొదటి పాట కంటే నాలుగో పాట స్పష్టంగా ఉంటుంది. మొదటి పాటకే ముఖం చిట్లించుకొని లేచిపోయేవారిని చూస్తే నాకు జాలి వేస్తుంది.

మధ్యలో ఒక్కోసారి చెవులు చిల్లులు పడేలా కూత వస్తుంది. మైకులోకి వెళ్లిన ధ్వని స్పీకరులోంచి బయటికి వచ్చి మళ్లీ అదే మైకులోకి దూరడం వల్ల అది పుడుతుంది. పాడే అమ్మాయి మైకును స్పీకరు వైపు తిప్పకపోతే అది ఆగుతుంది, మనం కేకలు వేస్తే ఆగదు.

చెవుల సంగతి సరదాగా తీసుకోకూడదు. 85 డెసిబెళ్ల ధ్వనిని రోజుకు 8 గంటలకు మించి వినరాదని, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ వ్యవధి సగానికి తగ్గుతుందని వృత్తి ఆరోగ్య నిపుణులు వాడే లెక్క. ఆ లెక్కన 100 డెసిబెళ్ల దగ్గర మిగిలేది 15 నిమిషాలే, చిన్న గదిలో డ్రమ్ముల పక్కన ఆ మోత అసాధారణం కాదు. ఫోము ఇయర్‌ప్లగ్గులు తక్కువ ధరకే దొరుకుతాయి. వాటిని వేళ్ల మధ్య సన్నని వత్తిలా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో నొక్కి పట్టుకోవాలి. ఊరికే చెవి అంచున తగిలించుకుంటే ప్రయోజనం ఉండదు.

మన ప్రాంతం వారికి కచేరీ మర్యాద కొత్తగా నేర్పనక్కరలేదు. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ వంటి నటుల గడ్డ ఇది; పద్యం బాగుంటే వన్స్ మోర్ అని అరవడం, చదివింపులు చదివించడం మన పెద్దలకు అలవాటే. లలితకళా పరిషత్ వంటి వేదికల ముందు కూర్చున్నవారి మనవలే ఇప్పుడు కేఫ్ మిద్దె మీద నిలబడుతున్నారు. అయితే సొంత పాట ముగియగానే ‘అన్నా, ఒక సినిమా పాట వేయన్నా’ అని అడగడం మాత్రం మానుకోవాలి. ఆరు నెలలు కూర్చుని కట్టుకున్న బాణీ మీద అది చన్నీళ్లు చల్లినట్లే. వన్స్ మోర్ అనండి, ఆ పాటనే అనండి. ఫోను ఒక పాటకు ఎత్తితే చాలు.

డబ్బు విషయానికి వస్తే, తలుపు దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టి ప్రవేశ రుసుము తీసుకుంటే బేరమాడకుండా ఇవ్వాలి, స్నేహితుడి పేరు చెప్పుకొని లోపలికి వెళ్లకూడదు. ఒక కేఫ్‌లో టికెట్ సొమ్మంతా తినుబండారాల ఖాతాకే వెళ్లిందని, పాడినవారికి టీ మాత్రమే దక్కిందని తరువాత తెలిసింది. ఆనాటి నుంచి డబ్బు ఎవరికి చేరుతుందో అడిగి ఇవ్వడం అలవాటు చేసుకున్నాను. పాటలు బ్యాండ్‌క్యాంప్‌లో, అంటే పాడేవారు తమ పాటలను నేరుగా అమ్ముకునే వెబ్‌సైట్‌లో, ఉంటే అక్కడ కొనడం మంచిది, డిజిటల్ అమ్మకాల మీద ఆ సంస్థ మామూలుగా 15 శాతం తీసుకుంటుంది.

ఇక్కడ నెలల తరబడి ఏమీ లేనప్పుడు బెంగళూరు ఉండనే ఉంది. 44వ జాతీయ రహదారి మీద రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు. 1996లో మొదలైన థర్మల్ అండ్ ఎ క్వార్టర్ వంటి బృందాల సొంత ఊరు అది. టికెట్ కొనేముందే తిరుగు బస్సు సంగతి తేల్చుకోవాలి. కచేరీ ముగిశాక నగరం దాటడానికి పట్టే సమయాన్ని తక్కువగా అంచనా వేసి, హెబ్బాళ దగ్గర తెల్లవారేదాకా బ్యాగు మీద కూర్చున్న రాత్రి నాకు ఇంకా గుర్తుంది. బార్లలో జరిగే కచేరీలకు వయసు నిబంధన ఉంటుంది కాబట్టి గుర్తింపు కార్డు వెంట ఉండాలి.

పాట ముగిశాక వెంటనే వెళ్లిపోకుండా పది నిమిషాలు ఆగితే, వైర్లు చుట్టే పనిలో ఒక చెయ్యి వేయవచ్చు. మోచేతికీ అరచేతికీ మధ్య తాడులా బిగించి చుట్టితే లోపలి తీగలు మెలిపడి కొన్నాళ్లకు తెగుతాయి. ఒక చుట్టు మామూలుగా, తరువాతి చుట్టు మణికట్టు తిప్పి లోపలి వైపుగా, ఇలా మార్చి మార్చి వదులుగా చుట్టాలి. సరిగ్గా చుట్టిన వైరును ఒక కొన పట్టుకొని విసిరితే మెలిక లేకుండా బండల మీద తిన్నగా పరుచుకుంటుంది. మొదటిసారి నాకు అలా పరుచుకోలేదు, డ్రమ్ములు వాయించే అబ్బాయి నవ్వుతూ మళ్లీ విప్పి నా చేతికిచ్చాడు.